సేఫ్ కాలేజీ కావలెను, పరువు గలది

ముందుగా నిర్వచనం. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సేఫ్ కాలేజీ, అనగా బ్యాకప్ కాలేజీ, అంటే సీటు ఖాయంగా వచ్చేది, మనం ఖాయంగా చేరనిది. ఆ రెండో లక్షణం లేకపోతే అది ఉత్త కాలేజీ. ఇంత ముఖ్యమైన విషయంపై ఉన్నత విద్యామండలి ఇప్పటిదాకా ఎలాంటి మార్గదర్శకాలూ విడుదల చేయలేదు కాబట్టి, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

పరీక్ష సంగతి అందరికీ తెలిసిందే. పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో అది ఇంకా ఎంసెటే. 160 ప్రశ్నలు, 160 మార్కులు, తప్పు రాస్తే కోత లేదు. 40 మార్కులొస్తే ర్యాంకు ఇస్తారు, ఎస్సీ ఎస్టీలకైతే ఆ కనీసం కూడా అక్కర్లేదు. కాబట్టి ఇంటర్ ఎంపీసీ చదివిన ఇంట్లో ర్యాంకు లేకపోవడమనేది అరుదు. ర్యాంకున్నాక ఆశ ఉంటుంది. ఆశకీ నెగటివ్ మార్కులు లేవు.

అసలు కథ వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కోరుకున్న కాలేజీలూ బ్రాంచీలూ ఆన్‌లైన్‌లో వరుసగా నింపే దగ్గర మొదలవుతుంది. స్లాట్ బుక్ చేసుకుని, హెల్ప్‌లైన్ సెంటర్‌లో సర్టిఫికెట్లు చూపించి వచ్చిన రోజు రాత్రి తండ్రిగారు లాంగ్ నోట్‌బుక్ తెరిచి స్కేలు పెట్టి గీతలు కొడతారు. ఒక గడిలో కాలేజీ కోడ్, పక్కన బ్రాంచి, ఆ పక్కన పోయినేడు చివరి ర్యాంకు. అది కూడా అబ్బాయి కేటగిరీలో కాదు, ఓపెన్ కేటగిరీలో అబ్బాయిల కాలమ్‌లోది, ఎందుకంటే పీడీఎఫ్‌లో ముందుగా కనిపించేది అదే. పెన్ను రెండు రంగులది. ఎర్ర ఇంకుతో రాసినవి కలలు, నీలం ఇంకువి అవకాశాలు. నీలం వరుసలో నాలుగు పేర్లు పడేసరికి అమ్మగారు వంటింట్లోంచి వస్తారు. "ఆ కాలేజీనా? మా పిన్ని వాళ్ల పనిమనిషి కొడుకు అందులోనే చదువుతున్నాడు." ఆ వాక్యంతో నీలం వరుసలోని మొదటి కాలేజీ కొట్టివేతకు గురవుతుంది. ఆ కుర్రాడు అక్కడ బాగా చదువుతున్నాడా, ల్యాబులు ఎలా ఉన్నాయి, పాఠం చెప్పేవాళ్లున్నారా అని అడిగే అవకాశం ఉంది గానీ, ఆ ప్రశ్నలు కౌన్సెలింగ్ పరిధిలోకి రావు.

రెండోదాన్ని బాబాయి కొట్టేస్తాడు. అది ఊరికి దూరం. మూడోది ఊరికి మరీ దగ్గర. నాలుగోదాని పేరులో "మహిళా" అని ఉంది, అబ్బాయికి సీటు రాదని అప్పుడు గమనిస్తారు. తెల్లారేసరికి నోట్‌బుక్ నిండా ఎర్ర ఇంకే.

ఇక్కడ కంప్యూటర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, దాని మీద మనవాళ్లకి చాలా అపోహలున్నాయి. అది చేసే పని నిజానికి చిన్నది. ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది, వాళ్ల జాబితా పైనుంచి కిందికి చదువుతుంది, వాళ్ల కేటగిరీలో మొదట ఎక్కడ ఖాళీ కనిపిస్తే ఆ సీటు ఇచ్చేస్తుంది. పైన వంద కలలు రాసినా కింద రాసిన సేఫ్ కాలేజీకి వచ్చే నష్టమేమీ లేదు. కింద ఇరవై సేఫ్ కాలేజీలు రాసినా పైన ఉన్న కలలకి ఢోకా లేదు. కానీ బాబాయి ఒప్పుకోడు. పైన పెద్ద కాలేజీలు పెడితే "వీడికి అత్యాశ" అని కంప్యూటర్ అనుకుంటుందట. కింద చిన్న కాలేజీలు పెడితే "వీడికి ఇది చాల్లే" అనుకుంటుందట. కుర్రాడి గురించి కంప్యూటర్ ఏమనుకుంటుందో అన్న బెంగ ఉన్నంతగా, కుర్రాడేమనుకుంటున్నాడో అన్న బెంగ ఆ ఇంట్లో నాకెక్కడా కనబడలేదు.

ఫలితం వచ్చిన రోజు స్క్రీన్ మీద సీటు కేటాయించలేదని కనిపిస్తుంది. ఇల్లంతా నిశ్శబ్దం. వెంటనే ఫోన్ మోగుతుంది. కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద ఇచ్చే కన్వీనర్ కోటా 70 శాతం పోగా మిగిలిన 30 శాతానికి సంబంధించిన పెద్దమనిషి, మన ర్యాంకు మనకంటే ముందే తెలిసినవాడు, ఎంతో సానుభూతితో రేటు చెబుతాడు. అమ్మగారు కొట్టేయించిన కాలేజీలోనే, అదే బ్రాంచిలో, ఇప్పుడు డొనేషన్ మీద సీటు ఉంది. డబ్బు కట్టి చేరితే పరువుకు భంగం లేదని ఆ క్షణంలో కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది.

ఇంకా ముందుచూపు గల కుటుంబాలు అసలు ఎంసెట్ దాకా ఆగవు. ఏప్రిల్‌లోనే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సీటు బ్లాక్ చేసేస్తాయి. రేపు సాయంత్రం ఆరులోపు కడితే స్కాలర్‌షిప్ వర్తిస్తుందని ఒక అమ్మాయి ఫోన్‌లో తియ్యగా చెబుతుంది. ఆ రేపు సాయంత్రం జూలై దాకా ప్రతిరోజూ వస్తూనే ఉంటుంది. వేరేచోట సీటొచ్చి డబ్బు వెనక్కి అడిగితే? 2024లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ సెప్టెంబరు 30లోపు సీటు వదులుకున్నవాళ్లకి ఫీజు పూర్తిగా తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవద్దని అంతకుముందే చెప్పింది. ఆ ఉత్తర్వు ఢిల్లీలో బయలుదేరిందని రూఢిగా తెలుసు. అకౌంట్స్ సెక్షన్ కౌంటర్ దాకా ఎప్పుడు చేరుతుందో మాత్రం అక్కడి గుమాస్తాని అడగాలి, ఆయన భోజనానికి వెళ్లాడు.

బ్రాంచి విషయంలో మాత్రం ఏ గొడవా లేదు. కంప్యూటర్ సైన్స్ తప్ప మరొకటి చదువు కాదని రెండు రాష్ట్రాలూ ఎప్పుడో ఒప్పుకున్నాయి. సీఎస్‌ఈ (అసలు కంప్యూటర్ సైన్స్) రాకపోతే సీఎస్‌ఎం (ఏఐ, మెషిన్ లెర్నింగ్), అది రాకపోతే సీఎస్‌డీ (డేటా సైన్స్), అదీ కాకపోతే సీఎస్‌సీ (సైబర్ సెక్యూరిటీ), సీఎస్‌ఓ (ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్). ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించకూడదన్న పరిమితిని సాంకేతిక విద్యకు పెద్దదిక్కైన ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేశాక, నిన్నటిదాకా బాయిలర్ ఉన్న గదిలో ఇవాళ డేటా సైన్స్ వెలిసింది. జేఎన్‌టీయూ క్యాంపస్‌లోనో ఓయూలోనో సివిల్ సీటు వచ్చే ర్యాంకుతో, మొన్న మొన్న పుట్టిన కాలేజీలో సైబర్ సెక్యూరిటీ తీసుకోవడాన్ని సేఫ్ అంటున్నారు. సివిల్ చదివితే ఉద్యోగం రాదన్నది ఒక కారణం, పెళ్లి సంబంధం రాదన్నది అసలు కారణం. నేను దీనికి వ్యతిరేకిని కాను. వంతెనలు కట్టేవాళ్లు ఎలాగూ పక్క రాష్ట్రాల నుంచి వస్తారు.

అమెరికాలో స్థిరపడ్డ మన బంధువుల కష్టం వేరు. అక్కడ కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలకు కలిపి పెట్టిన ఒకే దరఖాస్తులో, 20 కాలేజీలకే దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఇక్కడ మనం వందల గడుల్లో నంబర్లు నింపుకుంటున్నామంటే, మన స్వేచ్ఛ ఎంతటిదో ఆలోచించుకోండి.

ఒకే ఒక్క జాగ్రత్త. రెండో విడతలో పై ఆప్షన్ వస్తే మొదటి సీటు దానంతటదే పోతుంది. అందుకే నిజంగా చేరే ఉద్దేశం లేని కాలేజీని పైన రాయకూడదు. ఈ నియమం పాటిస్తే చాలా జాబితాలు ఖాళీ అవుతాయని నాకు తెలుసు.

ఈ పరిస్థితుల్లో కన్వీనర్ గారికి నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఆప్షన్ ఫారంలో ప్రతి కాలేజీ పక్కన కొత్తగా ఒక గడి పెట్టించాలి: "ఈ పేరు పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి అభ్యంతరం లేదు." దాని కింద తల్లి, తండ్రి, బాబాయి, ఎదురింటి ఆంటీ సంతకాలు తప్పనిసరి చేయాలి. సంతకాలు పూర్తయ్యాకే ఓటీపీ పంపాలి. స్థలం మిగిలితే విద్యార్థి సంతకానికి కూడా ఒక గడి ఇవ్వవచ్చు, స్టార్ గుర్తు మాత్రం అక్కర్లేదు.