టాలరెన్స్ పెంచితే తప్పు పోదు, దాక్కుంటుంది

"అన్నా, టాలరెన్స్ కొంచెం పెంచెయ్, మెష్ వచ్చేస్తది." మాదాపూర్, గచ్చిబౌలి వైపు, సముద్రంలో ఉండే ఆఫ్‌షోర్ కట్టడాలకు కంప్యూటర్ మోడళ్లు చేసేవాళ్ల మధ్య సాయంత్రం ఆరు దాటిందంటే ఈ మాట వినిపించాల్సిందే. మెష్ అంటే మోడల్‌ను చిన్న చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా విడగొట్టడం; వాటి మూలల బిందువులే నోడ్లు; ఎంత దూరంలోని నోడ్లను ఒకటిగా కలపాలనే హద్దే టాలరెన్స్. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

సగం మునిగి తేలే ప్లాట్‌ఫామ్, అంటే సెమీ సబ్‌మెర్సిబుల్‌నే తీసుకోండి. నీళ్లలో మునిగి ఉండే పాంటూన్ ఒకరు చేస్తారు, దాని మీద నిలబడే కాలమ్ ఇంకొకరు. పాంటూన్‌కు పై ప్లేటు, కాలమ్‌కు అడుగు ప్లేటు. రెండు మోడళ్లూ కలిపితే ఒకే ప్లేటు రెండుసార్లు వచ్చి కూర్చుంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, సాఫ్ట్‌వేర్‌లో హాయిగా ఇముడుతాయి. స్క్రీన్ మీద మహా అయితే రంగులు కాస్త మినుకుమంటాయి, అంతే.

నోడ్లు కలవకపోతేనే నయం. ఆ అదనపు ప్లేటు పాంటూన్‌కు అతుక్కోక, ఎనాలిసిస్‌లో ఎర్రర్ ఇచ్చి దొరికిపోతుంది. టాలరెన్స్ పెంచి నోడ్లు కలిపేశామా, ఇక దొరకదు. నోడ్లు ఒకటవుతాయి, ఎలిమెంట్లు మాత్రం రెండూ అలాగే ఉంటాయి. అంటే అక్కడ మందం రెట్టింపైనట్టే. లోడంతా ఆ ప్లేటు గుండానే పోతుంటే స్ట్రెస్ సగమవుతుంది. ఎస్-ఎన్ కర్వ్ (ఏ స్ట్రెస్‌కు ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో చూపే గీత) వాలు 3 అయితే ఫెటీగ్ డ్యామేజ్, అంటే పదేపదే లోడ్ పడి వచ్చే నష్టం, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాగితం మీద ఆయుష్షు ఎనిమిది రెట్లు! అదీ ఎక్కడ? ఫెటీగ్‌కు అందరూ భయపడే పాంటూన్-కాలమ్ జాయింట్ దగ్గర.

బరువు లెక్కలో బయటపడాలి కదా అంటారా? పడాలి. కానీ మనవాళ్లు వెయిట్ రిపోర్ట్‌తో సరిపెట్టడానికి డెన్సిటీ తగ్గించేస్తారు. ఆ దారీ మూసుకుపోయింది.

అలల బలాలు లెక్కగట్టే హైడ్రో మోడల్‌లో ఇంకో తమాషా. అక్కడ నీళ్లు తగిలే బయటి ఉపరితలమే కావాలి కాబట్టి ఆ రెండు ప్లేట్ల ముఖాలూ తీసేయాలి. తీయకుండా వదిలేసి, వామిట్ అనే సాఫ్ట్‌వేర్ మూడు దిక్కుల్లో లెక్కగట్టి ఇచ్చే మూడు వాల్యూమ్‌లూ కలిశాయి, ఓకే అనేవాళ్లున్నారు. ఒకదాని నార్మల్ (ముఖానికి లంబంగా ఉండే దిశ) పైకి, ఇంకోదానిది కిందికి ఉంటే వాల్యూమ్‌లో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కలవక ఏం చేస్తాయి? సమీకరణాలు మాత్రం అక్కడే చెడిపోతాయి.

సగం మోడల్‌ను మిర్రర్ కొట్టేటప్పుడూ ఇదే గోల. సగం మందంతో పెట్టిన మధ్య బల్క్‌హెడ్ (అడ్డుగోడ) రెండవుతుంది. బెండింగ్ దృఢత్వం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అసలు దాంట్లో నాలుగో వంతే మిగులుతుంది.

డూప్లికేట్ చెక్ ఉందిగా అంటారు. అది ఒకే నోడ్లున్న ఎలిమెంట్లనే పడుతుంది. పాంటూన్ మెష్ ఒక సైజు, కాలమ్ మెష్ ఇంకో సైజు అయితే అదీ చేతులెత్తేస్తుంది. ఏ ముఖం ఎవరి మోడల్‌లో ఉండాలో మెష్ కొట్టకముందే రాసిపెట్టుకుని, రెండోదాన్ని జామెట్రీలోనే తీసేయండి. దానికి టైమ్ లేదనే లీడ్లు, చెకర్ కామెంట్లు వచ్చాక మొత్తం మళ్లీ రన్ చేయడానికి టైమ్ ఎక్కడి నుంచి తెస్తారో కూడా చెప్పాలి.