ఊరిని చదివినవాళ్ళు ఊరికి చెప్పాలి

ఏటా జనవరి 11న కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మార్లవాయికి చుట్టుపక్కల గూడేల నుంచి జనం వస్తారు, అక్కడున్న రెండు సమాధుల మీద పూలు పెట్టి దండం పెట్టుకుని వెళ్తారు. ఒకటి ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ది, ఇంకోటి ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంని కాల్చి చంపాక, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో చూడమని నిజాం సర్కారు చెప్తే ఆ అడవుల్లోకి వెళ్ళిన మనిషి ఆయన. మార్లవాయిలోనే కాపురం పెట్టి, గోండీ నేర్చుకుని, వాళ్ళ పండగలూ పెళ్ళిళ్ళూ భూమి తగాదాలూ అన్నీ రాసుకున్నారు. అయితే రాసుకున్న నోట్‌బుక్కులు సంచిలో వేసుకుని వెళ్ళిపోలేదు. 1943లో ఆ ఊళ్ళోనే గోండు కుర్రాళ్ళకి టీచర్ ట్రైనింగ్ సెంటర్ మొదలైంది, గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి, అక్కడ ట్రైనింగ్ అయిన కుర్రాళ్ళు వాళ్ళ గూడేల్లో పిల్లలకి వాళ్ళ ఇంటి భాషలోనే అక్షరాలు దిద్దించారు, భూములకి పట్టాలు ఇప్పించే పని కూడా అదే చదువులోంచి పుట్టింది. గోండీలో చదువు తర్వాతి ప్రభుత్వాల చేతుల్లో నిలబడలేదు, అది వేరే బాధ. కానీ తమని గురించి రాసినాయన తమకి ఏం చేశాడో ఆ ఊరికి తెలుసు, అందుకే ఇన్నేళ్ళయినా ఆ పూలు.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు ఎత్తుతున్నామంటే, ఆ తర్వాత ఎనభై ఏళ్ళలో మన తెలుగు ఊళ్ళ మీద, మన బడుల మీద, మన పిల్లల మీద జరిగినంత రీసెర్చ్ ఎక్కడో గానీ జరిగుండదు, కానీ అందులో మన ఊళ్ళకి తిరిగొచ్చింది మాత్రం చాలా తక్కువ.

1950ల మొదట్లోనే ఉస్మానియా యూనివర్సిటీ నుంచి ఎస్.సి. దూబే బృందం శామీర్‌పేట వెళ్ళి ఊరు ఊరంతా అధ్యయనం చేసింది, అది పుస్తకమై ప్రపంచమంతా పాఠంగా చదివారు. పల్లెల మీద అధ్యయనాలు చేసే గ్రామీణాభివృద్ధి జాతీయ సంస్థ 1960లలో ముస్సోరీ నుంచి హైదరాబాద్‌కి వచ్చింది. ఇక 2002 నుంచి యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపిస్తున్న అధ్యయనం ఉంది, ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ని తీసుకున్నారు, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌ల నుంచి సుమారు 3,000 మంది పిల్లల్ని ఎంచుకుని ఇరవై ఏళ్ళకి పైగా వాళ్ళ వెంటే నడిచారు. ఎత్తు కొలిచారు, బరువు చూశారు, చదివించి చూశారు, అమ్మానాన్నలని గంటల తరబడి కూర్చోబెట్టి అడిగారు. రాష్ట్రం రెండయింది, ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, సర్వే మాత్రం ఆగలేదు. ఇది గొప్ప పని, ఇందులో మాకు ఏ అనుమానమూ లేదు.

ఆ డేటాలోంచి వచ్చిన ఒక్క విషయం చెప్తాం. 2002లో మనకి పెద్ద కరువు వచ్చింది, అప్పుడు పాలు తాగే వయసులో ఉన్న పిల్లల మీద ఆ దెబ్బ పడి ఎదుగుదల తగ్గింది. సుప్రీంకోర్టు 2001 నవంబర్‌లో ఆదేశించాక మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బళ్ళలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ కరువు పిల్లలు బడికి వచ్చే వయసుకి ఆ అన్నం తిన్నవాళ్ళని తినని వాళ్ళతో పోల్చి చూస్తే, తిన్నవాళ్ళలో కరువు చేసిన నష్టం పూడిపోయిందని ఆ లెక్కలు తేల్చాయి. 2014లో ఇది విదేశీ జర్నల్లో అచ్చయింది. ఇప్పుడు చెప్పండి, ఆ అన్నం వండింది ఎవరు? పొద్దున్నే పొయ్యి ముట్టించి, బిల్లులు నెలల తరబడి పెండింగ్‌లో ఉన్నా కిరాణా కొట్లో అప్పు చేసి పప్పూ నూనే తెచ్చి వండిపెట్టిన మన పొదుపు సంఘాల ఆడవాళ్ళు. నీ చేతి వంట ఒక కరువునే వెనక్కి తిప్పిందమ్మా అని వాళ్ళకి ఎవరైనా చెప్పాలి కదా. వాళ్ళు జీతం పెంచమని ధర్నాకి కూర్చున్నప్పుడు చేతిలో ఆ కాగితం ఉంటే ఆ మాటకి ఎంత బలం ఉండేదో ఆలోచించండి.

ఇంకో పెద్ద పని 2005 నుంచి జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేయించిన ప్రయోగం, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు నడిపించారు. ఆదిలాబాద్, నిజామాబాద్, విశాఖపట్నం, నెల్లూరు, కడప జిల్లాల్లో 50 మండలాలు, మండలానికి 10 చొప్పున 500 సర్కారు బడులు, లాటరీ తీసినట్టు తీసి ఒక్కో గుంపులో ఒక్కో పద్ధతి పెట్టి చూశారు. కొన్ని బళ్ళలో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్, కొన్నిట్లో అదనంగా ఒక విద్యా వాలంటీరు, కొన్నిట్లో నోటుపుస్తకాలకీ సామానుకీ డబ్బులు, కొన్నిట్లో ఇవేవీ ఇవ్వలేదు. బోనస్ పెట్టిన బళ్ళలో రెండేళ్ళకి లెక్కల్లోనూ తెలుగులోనూ పిల్లలు ముందుకెళ్ళారు, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్లో కూడా మెరుగయ్యారు. అదనపు వాలంటీరు ఉన్న బళ్ళలో కూడా చదువు పెరిగింది, రెగ్యులర్ టీచరు జీతంలో అయిదో వంతు తీసుకున్న ఆ మనుషులు పిల్లలకి నిజంగా చదువు చెప్పారని అంకెలతో సహా తేలింది. దీన్ని చూసి ఇక అందర్నీ తక్కువ జీతానికే పెట్టుకుందాం అని ఏ ప్రభుత్వమైనా అనుకుంటే అది అన్యాయం, మేం ఒప్పుకోం. ఆ లెక్క వాలంటీర్ల పని విలువ చెప్పింది, వాళ్ళకి తక్కువ ఇవ్వమని చెప్పలేదు. అయితే ఏ ఏడాది ఉంచుతారో ఏ ఏడాది తీసేస్తారో తెలియక బతికిన ఆ వాలంటీర్లలో ఎంతమంది చెవిన ఈ మాట పడి ఉంటుంది?

నోటుపుస్తకాల సంగతి ఇంకా ముఖ్యం, దీని మీద కొంచెం ఎక్కువ రాయాలనిపిస్తోంది. మొదటి ఏడాది ఆ డబ్బులు చెప్పాపెట్టకుండా వచ్చాయి, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది కూడా ఇచ్చారు, ఈసారి వస్తాయని అందరికీ ముందే తెలుసు, మార్కులు పెరగలేదు. ఎందుకని ఇళ్ళకెళ్ళి చూస్తే, బళ్ళో ఇస్తున్నారు కదా అని తల్లిదండ్రులు ఇంట్లో పెట్టే ఆ ఖర్చు దాదాపు అంత మేరకు తగ్గించుకున్నారు. ఇది తల్లిదండ్రుల తప్పని మేం అనం, కూలి డబ్బుల మీద బతికే ఇంట్లో ఒకచోట వంద మిగిలితే ఆ వంద ఇంకో అవసరానికి వెళ్తుంది, ఎవరైనా అదే చేస్తారు. కానీ ఇది ముందే తెలిసుంటే పేరెంట్స్ మీటింగులో హెడ్మాస్టరు లేచి, అమ్మా ఈ ఏడు నోటుపుస్తకాలు మేం ఇస్తున్నాం, ఆ మిగిలిన డబ్బుతో పిల్లాడికి ఒక కథల పుస్తకమో డిక్షనరీనో కొనండి అని చెప్పుండేవారు. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టే మాట. ఆ మాట 2013లో అమెరికా జర్నల్లో వచ్చింది, మన స్కూలు కమిటీ మీటింగు దాకా రాలేదు, ఈలోపు రెండు రాష్ట్రాల్లోనూ ఏటా కోట్లు పెట్టి పిల్లలకి సామాను పంచుతూనే ఉన్నాం.

ప్రైవేటు స్కూళ్ళ సంగతి అయితే ప్రతి ఇంట్లో రోజూ మాట్లాడుకునేదే. 2008లో అదే బృందం 180 ఊళ్ళలో లాటరీ తీసి, గెలిచిన పేద పిల్లల్ని ఫీజు కట్టి మరీ ప్రైవేటు బడికి పంపింది. నాలుగేళ్ళ తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకీ తగలని పిల్లలకీ తేడా కనపడలేదు, హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు వాళ్ళు తెలుగుకీ లెక్కలకీ తక్కువ టైమిచ్చి మిగతా సబ్జెక్టులకి ఎక్కువ ఇస్తున్నారు, ఒక్కో పిల్లాడి మీద ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఇందులో రెండు పక్షాలకీ నచ్చని మాటలు ఉన్నాయి. సర్కారు బడి అంత ఖర్చుతో అంతే ఫలితం ఎందుకిస్తోందో ప్రభుత్వం జవాబు చెప్పాలి, పసుపు తాడు మిగిల్చి పుస్తెలు తాకట్టు పెట్టి పసుపుపచ్చ వ్యానెక్కించే అమ్మ తను కొంటున్నది ఏమిటో తెలుసుకుని కొనాలి. ఆమె తెలుసుకోగలదు, తెలివికేం తక్కువ లేదు, ఆమెకి అర్థమయ్యే భాషలో ఎవరూ చెప్పలేదు అంతే.

రీసెర్చ్ చేసేవాళ్ళ వైపు ఇబ్బంది కూడా మాకు తెలుసు. పిల్లల పేర్లూ ఊళ్ళ పేర్లూ బయటపెట్టకూడదు, మాట ఇచ్చి వివరాలు తీసుకుంటారు, అది తప్పకూడదు. కానీ మీ జిల్లాలో చూసిన బళ్ళన్నిట్లో కలిపి తేలిందిది అని చెప్తే ఏ పిల్లాడి గుట్టూ బయటపడదు. కొన్ని ప్రాజెక్టుల వాళ్ళు సొంతంగా ఊళ్ళకి వెళ్ళి చెప్పే ప్రయత్నం చేస్తున్నారు, మంచిదే, మెచ్చుకుంటాం, కానీ అది ఒకరి మంచితనం మీద నడిచే పని కాకూడదు.

అలాగని ఒక కరపత్రం అచ్చేసి పంచితే పనైపోతుందనీ మేం అనుకోవట్లేదు, ఆ పాఠం కూడా 2005లో మొదలైన ఆ ప్రయోగంలోనే ఉంది. 100 బళ్ళలో టీచర్లకి మీ పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టు రాసిచ్చి, వీటిని ఎలా వాడుకోవాలో కూడా చెప్పారు, చూడ్డానికి వచ్చినప్పుడు టీచర్లు కష్టపడుతూ కనపడ్డారు, ఏడాది చివర పరీక్షలో మాత్రం ఆ బళ్ళకీ రిపోర్టులు అందని బళ్ళకీ తేడా లేదు. కాగితం ఒక్కటే పని చేయదు. కాగితాన్ని నలుగురిలో చదవాలి, దాని మీద అడగాలి, జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉండాలి.

అదెలా చేయాలో మనకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ఉపాధి హామీ పనుల లెక్కల్ని ఊరి జనమే తనిఖీ చేసే సోషల్ ఆడిట్ 2006లో మన దగ్గరే మొదలైంది, దేశం మొత్తం మన దగ్గరికొచ్చి నేర్చుకుని వెళ్ళింది. చదువుకున్న కూలీల పిల్లలే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు, గ్రామసభలో ఎవరి పేరు మీద ఎన్ని రోజులు రాశారో తెలుగులో పైకి చదివారు, మండలంలో ప్రజావేదిక పెట్టి ఆఫీసర్లని ఎదురుగా కూర్చోబెట్టారు. సంతకం రాని ముసలావిడ లేచి నేను ఆ వారం పనికే పోలేదు అని చెప్పగలిగింది. కూలి లెక్కలు అలా చదవగలిగిన ఊరికి తన పిల్లల చదువు లెక్కలు చదవడం కష్టం కాదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కూడా ప్రభుత్వాలు సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషని దృష్టిలో పెట్టుకోమనే చెప్తోంది, విద్యా హక్కు చట్టం ప్రతి సర్కారు బడికీ తల్లిదండ్రులే ఎక్కువగా ఉండే కమిటీ ఇచ్చింది. కుర్చీలు వేసి ఉన్నాయి, కూర్చునే మనుషులున్నారు, చెప్పాల్సిన విషయమే అక్కడికి రావట్లేదు.

కాబట్టి రెండు ప్రభుత్వాల్నీ మేం అడిగేది ఇదీ. సర్కారు బడిలో, అంగన్‌వాడీలో, హాస్టల్లో ఎవరు అధ్యయనం చేస్తామని పర్మిషన్ అడిగినా, దేశం వాళ్ళయినా విదేశం వాళ్ళయినా, ఫలితం వచ్చాక మామూలు తెలుగులో నాలుగు పేజీలు రాసివ్వాలని, ఆ జిల్లాలో కనీసం కొన్ని చోట్ల స్కూలు కమిటీ ముందు నిలబడి చెప్పాలని ఆ పర్మిషన్ కాగితంలోనే రాయండి. ఆదివాసీ ప్రాంతాల్లో అయితే గోండీలో, కోయలో, సవరలో చెప్పాలి. అలాగే మన యూనివర్సిటీలు. సోషియాలజీ, ఎడ్యుకేషన్, సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్లలో ఏటా మన ఊళ్ళ మీదే పీహెచ్‌డీలు వస్తున్నాయి, 2009లో యూజీసీ చెప్పాక థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, చాలావరకు ఇంగ్లీషులోనే. తెలుగులో పది పేజీల సారాంశం లేకుండా వైవా పెట్టకూడదని ఒక్క రూలు చాలు, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. తెలుగులో రాస్తే స్థాయి తగ్గుతుందనే భయం కొందరు ప్రొఫెసర్లలో ఉంది, మార్లవాయిలో గోండీ వాచకాలు వేయించిన ఆయనా ప్రొఫెసరే, ఉస్మానియాలో పాఠం చెప్పినాయనే.

ముందు 2005లో ప్రయోగం చేసిన ఆ 500 బడులతో మొదలుపెట్టండి. ఏ మండలాలో, ఏ బడులో విద్యాశాఖ రికార్డుల్లో ఉండాలి. అప్పుడు ఆ బళ్ళలో రెండో తరగతి చదివిన పిల్లలకి ఇప్పుడు ఇరవై అయిదు దాటాయి, వాళ్ళలో ఎందరో అమ్మానాన్నలయ్యుంటారు, వాళ్ళ పిల్లలు అదే బడి గేటు ముందు నిలబడి ఉంటారు. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) తలుచుకుంటే వచ్చే జూన్‌లో బడులు తెరిచిన మొదటి పేరెంట్స్ మీటింగుకే ఆ నాలుగు పేజీలు సిద్ధమవుతాయి, అచ్చువేయడానికి చోటు కావాలంటే ఈ పత్రికలో ఒక పేజీ మేం ఇస్తాం.