పది సిట్టింగుల ప్యాకేజీ

మా కోనసీమలో పెద్దమనిషి అనిపించుకోవాలంటే పూర్వం పదెకరాల కొబ్బరితోట ఉంటే సరిపోయేది. ఇప్పుడు వీపులో సూదులు కూడా దిగి ఉండాలి.

డ్రై నీడ్లింగ్ అండీ. మెయిన్ రోడ్డు ఫ్లెక్సీలో వీపంతా సూదులతో నవ్వుతూ పడుకున్న ఆ ఫారిన్ అమ్మాయిని చూడనివాళ్లు ఎవరున్నారు గనక! సన్నటి సూది, అందులో మందేమీ ఉండదు, అందుకే డ్రై. కండరం ముడిపడి నొప్పెట్టే చోటు వెతికి గుచ్చితే అది టక్కున అదిరి, పట్టు కాస్త సడలుతుంది. అమెరికా ప్రెసిడెంటు కెన్నెడీ నడుంనొప్పి చూసిన డాక్టరమ్మ జానెట్ ట్రావెల్ ఈ ముడిపడ్డ చోట్ల మీద, అదే ట్రిగర్ పాయింట్ల మీద, ఏళ్ల తరబడి పనిచేశారు, కారెల్ లెవిట్ అనే చెక్ డాక్టరు 1979లో మందు లేకపోయినా ఉత్త సూదికే నొప్పి తగ్గుతోందని రాశాడు. అంతవరకూ మర్యాదగానే ఉంది. ఆ తర్వాత అది మా ఊరొచ్చింది.

క్లినిక్ హాల్లో రిటైరైన మాస్టారు పక్కాయన్ని అడుగుతున్నారు, "తమరికెన్ని దింపారండీ?"

"మెడకి ఆరండి, భుజానికి నాలుగు."

"ఓస్, అంతేనా! మా బావగారికి ఒక్క నడుంకే పన్నెండండి, ఆయ్, కరెంటు కూడా పెట్టారు."

కరెంటనేసరికి హాలంతా లేచి దణ్ణం పెట్టినంత పనైంది. లోపల్నుంచి "అమ్మో!" అని కేక వినపడితే "అదిగో, కండ అదిరింది, ట్విచ్చొచ్చింది" అని బయటివాళ్లే తేల్చేస్తున్నారు. లోపల ఒకాయన సూదులతో బోర్లా పడుకునే ఫోన్లో రొయ్యల బేరమాడుతూ, "వంద కౌంటుకి అదేం రేటయ్యా!" అని ఆవేశంగా లేవబోతే, పాపం ఫిజియో సూదుల్లేని చోటు వెతుక్కుని నొక్కి పడుకోబెట్టాడు. రీలు తీస్తున్న కుర్రాడేమో "సార్, ఇంకోసారి లేవండి, ఫ్రేములో పడలేదు" అంటాడు.

మరి వ్యాయామం? అది నేర్పితే జనం ఇంటి దగ్గర ఊరికే చేసేసుకోరూ, ప్యాకేజీ ఎవరు కొంటారు? సూది ఉపశమనం ఎక్కువగా కొన్నాళ్లదేననీ, కండరానికి బలం రాకపోతే నొప్పి మళ్లీ తిరిగొస్తుందనీ ఫిజియోథెరపీ చదివినవాళ్లకి నేను చెప్పాలా?

బెంచీ చివర కొబ్బరి దింపు కార్మికుడొకాయన కూర్చున్నాడు. పొద్దుటినుంచి చెట్లెక్కి దిగే భుజం అది. ఏం పని చేస్తావయ్యా అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. పది సిట్టింగులు, డబ్బులు ముందే కడితే డిస్కౌంటు, వారం రోజులు రెస్టు అని చెప్పేశారు. రెస్టు తీసుకుంటే ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, మీరా? భుజం దగ్గర, పక్కటెముకల మీద సూది తప్పుగా లోతుకి పోతే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు, గుచ్చాక ఆయాసమొస్తే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ ఒక్క ముక్క చెప్పారా ఆయనకి? వీకెండ్ కోర్సు సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించడానికి తీరిక దొరికింది, నోరు విప్పడానికి దొరకలేదు. సిగ్గుండాలి. సూదులూ రీళ్లూ తర్వాత చూసుకుందాం, ముందు ఆ మనిషి డబ్బులు వెనక్కివ్వండి.