బాయిలర్ గేజి గారికి, రెండు కేజీల లెక్క గురించి

గేజి గారూ,

ఎల్కతుర్తి దాటాక రోడ్డు పక్కనున్న మా బాయిల్డ్ రైస్ మిల్లు నుంచి ఫైర్‌మన్ నమస్కారం. పొద్దున ఇంకా ఊక అంటించలేదు, బాయిలర్‌లో నీళ్లు చల్లగా ఉన్నాయి, మీరు మాత్రం అప్పుడే చదరపు సెంటీమీటరుకు రెండు కేజీల ఒత్తిడి చూపిస్తున్నారు. నిప్పు లేకుండా ఆవిరి పుట్టించే విద్య మీకుంటే చెప్పండి. ఊక ఖర్చు మిగిల్చినందుకు సేటుతో శాలువా కప్పిస్తాను.

సేటుకు చెప్పాను కూడా. "దానికేమైందిరా, రెండు తీసేసి చూసుకోరాదు!" అన్నాడు. అప్పటి నుంచి ఈ మిల్లులో ఎనిమిది అంటే ఆరు, ఆరు అంటే నాలుగు. ఈ లెక్క గోడ మీద రాయలేదు. రాత్రి షిఫ్టుకు కొత్తగా వచ్చిన పిలగాడు ముల్లు ఆరు మీదికి రాగానే చాలనుకొని పడుకున్నాడు. తెల్లారి చూస్తే వడ్లు ఉడికీ ఉడకనట్టున్నాయి. అసలే యాసంగి వడ్లు, మామూలుగా ఆడిస్తే ఎండ దెబ్బకు నూకలవుతాయనే కదా ఉడకబెట్టేది! తిట్లు వాడికి పడ్డాయి. మీ అద్దం మాత్రం ఎవరో తుడిచి వెళ్లారు.

మీ మర్యాదకు భంగమే గానీ, దసరాకు మిల్లు బందు పెట్టినప్పుడు మిమ్మల్ని విప్పి చూశాను. ఇంత పెద్ద ముఖం వెనక ఏ యంత్రాంగం ఉందో అనుకుంటే, కొడవలిలా వంచిన ఒక ఇత్తడి గొట్టం! అదీ గుండ్రంగా లేదు, రెండు పక్కలా నొక్కినట్టుంది. ఒక కొస ఆవిరి వైపు బిగించి ఉంది, మూసేసిన రెండో కొస గాల్లో ఉంది. పొలంలో లపేటా పైపు గుర్తొచ్చింది. మోటరు వేయగానే చప్పిడిగా పడున్న పైపు గుండ్రంగా ఉబ్బుతుంది, వంకర తిరిగిన చోట చటుక్కున సాగి కాళ్లకు తగులుతుంది. మీదీ అదే కథ. ఒత్తిడి వస్తే గొట్టం గుండ్రమవ్వాలని చూస్తుంది, ఆ తంటాలో వంపు విచ్చుకుంటుంది. కొస కదిలేది నాలుగైదు మిల్లీమీటర్లు. దానికి ఒక చిన్న కడ్డీ, పళ్ల ముక్క, బుల్లి చక్రం తగిలించి ముల్లును ముప్పావు చుట్టు తిప్పి చూపిస్తారు. ఇసుమంత పనికి ఇంత ఊరేగింపు మా వార్డు మెంబరు కూడా చేయడు.

మీ వంశమూ పెద్దదే. పారిస్‌లో యూజీన్ బూర్డాన్ అనే ఆయన 1849లో పేటెంటు తీసుకున్నాడు. అదీ పొరపాటున దొరికిందంటారు. చుట్టలుగా చుట్టిన గొట్టం చప్పిడి పడితే, లోపలికి ఒత్తిడి పెట్టి బాగు చేయబోయాడట. చుట్టే విప్పుకుందట.

మీ సున్నా కూడా సున్నా కాదు. మనందరినీ చుట్టూ అదుముతున్న గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కేజీ ఉంటుంది. అది మీ గొట్టానికి లోపలా బయటా సమానం కాబట్టి మీరు లెక్కలోకే తీసుకోరు. పోనీయండి, అందులో మీ తప్పు లేదు. ఆ మాటకొస్తే రెండు కేజీల జబ్బులోనూ మీ తప్పు లేదు. బాయిలర్ నిండా నీళ్లు పట్టి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో నీళ్ల పరీక్ష పెట్టిన రోజు మిమ్మల్ని విప్పి పక్కన పెట్టాల్సింది, మరిచిపోయారు. మీ ముల్లు చివరి అంకె దాటి మేకుకు ఆనుకుంది. హద్దు దాటి సాగిన ఇత్తడి మళ్లీ పాత వంపుకు రాలేదు. ఇప్పుడు సున్నా దగ్గర రెండు ఎక్కువైతే, ఎనిమిది దగ్గర ఎంత ఎక్కువో ఎవరు చెప్పాలి? తీసివేత నేర్పిన సేటు చెప్పడు.

పైన సేఫ్టీ వాల్వు ఉంది గనుక బతికిపోయాం. దానికి అంకెలు రావు, ఒక్క స్ప్రింగు, ఒత్తిడి మీరితే బుస్సుమని ఆవిరి వదలడం ఒక్కటే తెలుసు.

ఎల్లుండి బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నారు. మా బాయిలర్ దాటకూడని 10.54 కేజీల దగ్గర ఎర్రగీత గీసిన కొత్త గేజి బీరువాలో ఉంది. పొద్దున్నే అది మీ సీట్లో కూర్చుంటుంది, ఆయన జీపు గేటు దాటగానే మళ్లీ మీరే. ఈలోపు నూనె గుడ్డలో చుట్టి ఊక బస్తాల వెనక పెడతాను, ఎలుకలతో జాగ్రత్త.

ఇట్లు,
రోజూ మీ అద్దం మీద వేలితో రెండు దెబ్బలు కొట్టే ఫైర్‌మన్