జాంబెజీకి మన స్కూలు క్యాలెండర్ పంపించాలి

జాంబెజీ నది మీద నాకు వ్యక్తిగతంగా ఏ కక్షా లేదు. కానీ ఆరు దేశాలను తాకుతూ 2,500 కిలోమీటర్లకు పైగా పారే నదికి మన పిల్లల సెలవులు ఎప్పుడో తెలియకపోవడం క్షమించరాని విషయమని అందరి ముందూ మనవి చేస్తున్నాను.

మా ఇంట్లో, మా తోడల్లుడి ఇంట్లో కలిపి ఏడుగురం ఆఫ్రికా వెళ్ళాలని తీర్మానించుకున్నాం. షరతులు మూడే. జాంబియా, జింబాబ్వే సరిహద్దులో ఈ జాంబెజీ మీదే ఉన్న విక్టోరియా జలపాతం నిండుగా ఉండాలి. జంతువులు దగ్గరగా కనిపించాలి. పిల్లలకి ఒక్క రోజు కూడా స్కూలు పోకూడదు. ఇందులో అత్యాశ ఏముందో మీరే చెప్పండి. ఈ మూడూ కుదిరే వారం కోసం మూడు నెలలుగా వెతుకుతున్నాం. తోడల్లుడు సాఫ్ట్‌వేర్ వాడు కాబట్టి ఎక్సెల్ షీటు తయారైంది. షీటులో ఆకుపచ్చ గడి ఒక్కటీ లేదు.

ముందు వేసవి సెలవులు అనుకున్నాం. ఏప్రిల్ ఆఖర్న బళ్ళు మూస్తారు, జలపాతం కూడా ఏప్రిల్ ప్రాంతంలోనే ఉధృతంగా ఉంటుంది. ఇది దైవసంకల్పం అని మా ఆవిడ అంది. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి. కానీ ఎగువన జాంబియా, అంగోలాల్లో కురిసిన నీళ్ళు నేరుగా పరుగెత్తుకు రావు. దారిలో బరోట్సే అనే పెద్ద మైదానంలో పరుచుకుని, తీరుబడిగా కదులుతాయి. అందుకే పైన వానలు ఆగిపోయాక కింద జలపాతం నిండుతుంది. ఆ మైదానంలో లోజీ జాతి రాజు, లితుంగా అంటారు ఆయన్ని, వరద వచ్చినప్పుడు నల్లా తెలుపూ చారల పెద్ద పడవ ఎక్కి కోట మారుస్తాడు. ఆ ఉత్సవం పేరు కువోంబోకా. ముహూర్తం ముందే పెట్టరు, నీటిమట్టం చూసి పెడతారు. రాజంతటి వాడే నది చెప్పినట్టు వింటుంటే, మేం ఎక్సెల్ షీటు పట్టుకుని కూర్చున్నాం.

సరే, ఏప్రిల్ అనేసుకుందామనుకుంటే మా ఆఫీసులో ఒకాయన అడ్డం పడ్డాడు. ఆయన అదే నెలలో వెళ్ళొచ్చాడట. ఫోన్ తీసి ఫోటో చూపించాడు. తెల్లగా ఉంది, అంతే. ఒక మూల నీలం రెయిన్‌కోటు, దాని లోపల ఆయన భార్య ముక్కు. ఇంకో ఫోటో. ఇంకా తెల్లగా ఉంది. "జలపాతం ఏదండీ?" అన్నాను. "మొత్తం అదే" అన్నాడు. విషయమేమిటంటే 1,708 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతుకి అంత నీరూ ఒక్కసారిగా పడితే తుంపర వందల మీటర్ల ఎత్తుకి లేస్తుంది. ఎదురుగా నిలబడిన వాడికి జలపాతం కనబడదు, మీద పడుతుంది. అక్కడి వాళ్ళు దాన్ని మోసి-ఓవా-తున్యా అంటారు. ఉరిమే పొగ అని అర్థం. పొగ చూడొచ్చు, ఉరుము వినొచ్చు. జలపాతం చూపిస్తామని ఆ పేరులో ఎక్కడా హామీ ఇవ్వలేదు.

ఆఫ్రికా అంతా తిరిగిన బ్రిటిష్ యాత్రికుడు లివింగ్‌స్టన్ దొర మాత్రం గట్టివాడు. 1855 నవంబరులో వెళ్ళాడు. అంటే నీళ్ళు తగ్గిన కాలం. అక్కడి వాళ్ళు ఆయన్ని చిన్న పడవలో జలపాతం అంచున ఉన్న దీవికి తీసుకెళ్ళి లోపలికి తొంగిచూపించారు. హాయిగా చూసి, అప్పటికే పేరున్న దానికి తమ రాణిగారి పేరు పెట్టి వచ్చాడు. ఆ రాణిగారు జన్మలో అటువైపు వెళ్ళలేదు. మన దగ్గర మాత్రం తక్కువా? మన బొగతకి తెలంగాణ నయాగరా అని మనమే పేరు పెట్టుకోలేదూ.

ఇక దసరా. సెలవులు ఎక్కువే, జంతువులకి అంతకంటే మంచి కాలం లేదు. ఆ సమయానికి అడవిలో గుంటలు ఎండిపోయి, చెట్ల ఆకులు రాలిపోయి, ఏనుగులన్నీ బోట్స్‌వానాలోని చోబే నది ఒడ్డుకి చేరతాయి. జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ పార్కులో అయితే ఏడాది పొడుగునా పారే నదే లేదు. 14,000 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవిలో బోర్లు వేసి, ఒకప్పుడు డీజిల్ మోటార్లతో, ఇప్పుడు సోలార్ మోటార్లతో కూడా నీళ్ళు తోడి గుంటలు నింపుతారు. అంటే అక్కడి ఏనుగులు బోరు నీళ్ళ మీద బతుకుతున్నాయి. ఈ ముక్క విన్నాక మా తోడల్లుడికి, అతనిది అనంతపురం వైపు, సఫారీ మీద సగం ఆసక్తి పోయింది. "మోటారు కాలిపోతే ఏం చేస్తారన్నయ్యా?" అని ఒక్కటే ప్రశ్న.

కానీ దసరాకి జలపాతం? జాంబియా వైపు చాలా భాగం నల్లరాతి గోడ అయిపోతుంది. జింబాబ్వే వైపు కొంత పారుతుంది. నీళ్ళు అంత తక్కువ కాబట్టే అంచు మీద డెవిల్స్ పూల్ అనే గుంటలో జనం ఈత కొడతారు. పక్కనే అగాధం ఉంటుంది, అడ్డంగా ఒక రాయి ఉంటుంది. ఎండ కూడా సామాన్యం కాదు, అక్టోబరుని అక్కడ ఆత్మహత్యల నెల అని పిలుచుకుంటారు. మా ఆవిడ షీటు వంక చూసి, "నీళ్ళు లేని జలపాతాన్ని ఉడికిపోతూ చూడ్డానికి విమానం ఎక్కాలా? మేలో ఎత్తిపోతలకి వెళ్తే సరిపోతుందిగా" అంది. వాదనలో లోపం దొరకలేదు.

సంక్రాంతి సంగతి త్వరగా ముగిస్తాను. జనవరిలో అడవంతా నీళ్ళే, గడ్డి నడుముల దాకా. ఏ జంతువుకీ ఏటి ఒడ్డుకి వచ్చే ఖర్మ లేదు. సింహం అక్కడే ఉంటుంది, మీరే చూడలేరు.

ఇన్నీ విన్నాక వెళ్ళొచ్చిన వాళ్ళు జూన్, జూలై అని చెప్పారు. తుంపర కాస్త తగ్గి జలపాతం కనబడుతుంది, నీళ్ళూ ఉంటాయి, అడవి ఎండడం మొదలై జంతువులూ వస్తుంటాయి, చలి కూడా హాయిగా ఉంటుంది. అంటే సృష్టిలో రెండూ కలిసే కాలం ఒకటుంది. అది సరిగ్గా జూన్ 12న మన బళ్ళు తెరిచాకే మొదలవుతుంది. యూనిఫాం, పుస్తకాలు, మొదటి టర్మ్ ఫీజు, ఆ తర్వాత మొదటి యూనిట్ టెస్టు. పైగా అత్తగారు పంచాంగం తీసి, "ఆషాఢం కదా అల్లుడుగారూ, అంత దూరం ఎందుకు" అన్నారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు చేయరు గానీ ఏనుగుల్ని చూడకూడదని ఎక్కడుందని అడగబోయి మానుకున్నాను. ఆవకాయ ఆవిడే పెడతారు.

ఇంతలో షీటులో కొత్త వరస ఒకటి కనిపించింది: 'విక్టోరియా సరస్సు, మసాయి మారా'. విచారిస్తే, జలపాతం ఆ సరస్సులోంచే కిందికి పడుతుందని తోడల్లుడు అనుకున్నాడు. పేరు ఒకటే కదా! సరస్సు భూమధ్యరేఖ దగ్గర, జలపాతం వెయ్యి కిలోమీటర్లకు పైగా దక్షిణాన. ఒకే రాణి పేరు రెండు చోట్ల అంటిస్తే వచ్చే తిప్పలివి. సరస్సుకి ఆ పేరు పెట్టింది ఇంకో దొర, స్పీక్. ఒకడు పెట్టింది ఇంకొకడు చూసుకోవద్దా? ఆ వరస తీసేయమంటే అతను ఒప్పుకోలేదు, కెన్యాలోని ఆ మారా అడవిలో నది దాటే వైల్డ్‌బీస్ట్‌ల, అంటే దున్నల్లా కనిపించే జింకల, వీడియో అప్పటికే పిల్లలకి చూపించేశాడు. కెన్యా కలిస్తే ఎల్లో ఫీవర్ టీకా కావాలి, వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు పది రోజులకి గానీ చెల్లదు. షీటులో ఇంకో ఎర్ర గడి.

తేదీ తేలకపోయినా సర్దడం మొదలైంది, అది మన జాతి లక్షణం. అడవి క్యాంపులకి వెళ్ళే చిన్న విమానాల్లో మనిషికి 20 కిలోల దాకానే, చేతి సంచితో కలిపి. చక్రాల సూట్‌కేసు పనికిరాదు, మెత్తటి సంచి కావాలి. హాల్లో ఫ్యాను కొక్కేనికి తూకం యంత్రం కట్టి అత్తగారి సంచి వేలాడదీశాం. అంకె 11 దగ్గర ఆగింది. లోపల చీరలు రెండే. మిగతాది ఆవకాయ జాడీ, గోంగూర, కందిపొడి, చిన్న కుక్కర్, ఆ కుక్కర్ ఖాళీగా పోకూడదని లోపల కూరిన బియ్యం. "సింహం చూసి ఆకలేస్తే?" అన్నారావిడ. సింహానికా మనకా అని ఎవరూ అడగలేదు.

బట్టల దగ్గర అసలు చిక్కు వచ్చింది. మావాడు ముచ్చటపడి మిలిటరీ మచ్చల ప్యాంటు కొనుక్కున్నాడు. జింబాబ్వేలో మామూలు జనం అది వేసుకోవడం నేరం. నీలం, నలుపు వద్దు, మనుషుల్ని కుట్టే త్సెత్సే ఈగలు ఆ రంగుల మీదికే వస్తాయి, వాటిని పట్టే ఉచ్చులు కూడా నీలం గుడ్డతోనే కడతారు. తెలుపు దుమ్ముకి ఆగదు. ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఈ జల్లెడలో పోస్తే మిగిలింది ఒక్కటే: మా మావగారి సఫారీ సూటు.

సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం. అరబ్బు మాట, మన హైదరాబాదు 'సఫర్'కి చుట్టమే. కానీ మా తరానికి సఫారీ అంటే బ్యాంకు మేనేజర్లు, ఎమ్మార్వోలు వేసుకునే నాలుగు జేబుల చొక్కా. మావగారు ముప్పై ఏళ్ళు అది వేసుకుని బ్యాంకు నుంచి ఇంటికి, ఇంటి నుంచి బ్యాంకుకి వెళ్ళారు. ఆయన చూసిన పెద్ద జంతువు ఆడిట్ ఇనస్పెక్టరు. అత్తగారు బీరువా అడుగు నుంచి తీసి, కలరా ఉండలు దులిపి నా చేతికిచ్చారు. లేత గోధుమ రంగు. ఈగలకి నచ్చనిది, మిలిటరీ కానిది, దుమ్ము కనబడనిది. తూకం వేస్తే 800 గ్రాములు.

నడుము దగ్గర రెండంగుళాలు చాల్లేదు. వీధి చివర టైలర్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన టేపు మెడలో వేసుకుని, సుద్దతో గీత గీసి, "ఎప్పటికి కావాలి సార్?" అన్నాడు.

నిలబడే చెప్పాను. అంగోలా వానలు, బరోట్సే మైదానం, ఏప్రిల్ తుంపర, దసరా రాయి, బోరు నీళ్ళ ఏనుగులు, ఆషాఢం, మొదటి యూనిట్ టెస్టు. ఆయన మిషను తొక్కడం ఆపి చివరిదాకా విన్నాడు. తర్వాత రసీదు మీద 'శుక్రవారం' అని రాసిచ్చాడు.