బ్రిటన్‌ను చూసి నేర్చుకుందాం

మన అసెంబ్లీలో మైకు విరిగినా, కాగితాలు చించి గాల్లోకి విసిరినా, ఆ రాత్రి టీవీ చర్చలో ఒక పెద్దాయన ప్రత్యక్షమవుతారు. కళ్లజోడు సవరించుకుని, "బ్రిటన్ పార్లమెంటును చూడండి సార్. చట్టసభలకే తల్లి అది. చూసి నేర్చుకోవాలి" అంటారు. యాంకరు భక్తిగా తలూపుతాడు. ప్రకటనలొస్తాయి.

పెద్దల మాట చద్దిమూట. చూశాం. 2016 జూన్ 23 నుంచి 2020 జనవరి 31 దాకా, యూరప్ దేశాల కూటమి యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటపడిన బ్రెగ్జిట్ తతంగమంతా కళ్లార్పకుండా చూశాం.

ముందు నిర్ణయం, తర్వాత ఆలోచన అన్న గొప్ప సూత్రం అక్కడే తెలిసింది. యూరోపియన్ యూనియన్‌లో ఉందామా, పోదామా అని జనాన్ని అడిగారు. 51.9 శాతం పోదామన్నారు. ఎలా పోవాలన్నది బ్యాలెట్ మీద లేదు. అడిగిన ప్రధాని కామెరాన్ మర్నాడే రాజీనామా ప్రకటించి, కొన్నాళ్లకు కూనిరాగం తీస్తూ ఇంట్లోకి వెళ్లిపోయారు. తర్వాతొచ్చిన థెరిసా మే 2017 మార్చిలో, రెండేళ్లలో వెళ్లిపోతామని నోటీసు ఇచ్చేశారు. బలం పెంచుకుందామని ఎన్నికలు పెట్టి, ఉన్న మెజారిటీ కూడా పోగొట్టుకున్నారు. ఉత్తర ఐర్లాండ్ పార్టీ డీయూపీ నుంచి పది మంది ఎంపీల మద్దతు దొరికింది. సరిగ్గా అదే సమయంలో ఉత్తర ఐర్లాండ్‌కు వంద కోట్ల పౌండ్లూ దొరికాయి. మన దగ్గరైతే రిసార్టు ఖర్చు కూడా అయ్యేది. వాళ్లు మర్యాదస్తులు కాబట్టి కెమెరాల ముందే సంతకాలు చేసుకున్నారు.

ఇక ఎలా వెళ్లాలో యూనియన్‌తో మే గారు కుదుర్చుకున్న ఒప్పందం. 2019 జనవరి 15న 230 ఓట్ల తేడాతో ఓడింది. ఆధునిక బ్రిటన్ చరిత్రలో ఏ ప్రభుత్వమూ అంత ఘోరంగా ఓడలేదు. మార్చి 12న 149 తేడాతో ఓడింది. తేడా తగ్గుతోంది కదా, ఇలాగే ఓడుతూ పోతే ఏదో ఒక రోజు గెలుస్తామని ఆవిడ లెక్క. ఈలోగా స్పీకర్ బెర్కో లేచి, సభ కాదన్నదాన్నే మళ్లీ తేకూడదని 1604 నాటి సంప్రదాయం ఒకటి ఉందని గుర్తు చేశారు. అప్పటికి గోల్కొండను కులీ కుతుబ్ షా ఏలుతున్నాడు.

నాకు మాత్రం మార్చి 27 రాత్రి అంటే ప్రాణం. ప్రభుత్వం వల్ల కావడం లేదని ఎంపీలే పగ్గాలు తీసుకున్న రాత్రి అది. ఎనిమిది ప్రతిపాదనలు కాగితం మీద అచ్చేసి చేతికిచ్చారు. ఒక్కటే ఎంచుకోవాలన్న బాధ కూడా లేదు. నచ్చితే ఎనిమిదింటికీ సరేననొచ్చు. ఒప్పందం లేకుండా వెళ్దామా? వద్దు. సరుకుల సుంకాల కూటమి కస్టమ్స్ యూనియన్‌లో ఉండి వెళ్దామా? వద్దు. సభ్యత్వం లేకున్నా ఉమ్మడి మార్కెట్లో ఉండే నార్వే పద్ధతిలో వెళ్దామా? వద్దు. ప్రతిపక్షం చెప్పినట్టు వెళ్దామా? వద్దు. అసలు వెళ్లడమే మానేద్దామా? వద్దు. పోనీ, జనాన్నే మళ్లీ అడుగుదామా? అమ్మో, అసలొద్దు. ఎనిమిదికి ఎనిమిదీ వద్దు! స్పీకర్ ఒక్కో అంకె చదువుతుంటే సభ్యుల ముఖాల్లో ఏదో ఘనకార్యం చేసిన తృప్తి. అదే సాయంత్రం మే తన పార్టీ వాళ్లకు బంపర్ ఆఫర్ ఇచ్చారు: నా ఒప్పందాన్ని గెలిపించండి, నేను దిగిపోతాను. రెండు రోజుల తర్వాత అదీ ఓడింది, 58 ఓట్లతో. ఆవిడ దిగిపోతానన్నా గెలిపించలేదంటే చూడండి.

ఏప్రిల్ 1న మళ్లీ కూర్చున్నారు. ఈసారి నాలుగు ప్రతిపాదనలు, నాలుగూ వద్దు. ఆ రోజు పర్యావరణ కార్యకర్తలు కొందరు గ్యాలరీలో బట్టలు విప్పి, సభకు వీపు చూపిస్తూ అద్దానికి అతుక్కుపోయారు. కింద చర్చ గంభీరంగా సాగుతూనే ఉంది. మరో మూడు రోజులకు పైకప్పు లీకై నీళ్లు కారడంతో సభ వాయిదా పడింది. ఆ ఏడాది సభ చేసినవాటిలో జనానికి కారణం అర్థమైంది ఈ వాయిదా ఒక్కటే.

మే దిగిపోయాక ప్రధాని బోరిస్ జాన్సన్. గోతిలో పడి చావనైనా చస్తాను గానీ యూనియన్ నుంచి వెళ్లే గడువు పెంచమని అడగనన్నారు. అడగాల్సిందేనని పార్లమెంటు చట్టం చేసింది. అక్టోబరు 19న అడిగారు, సంతకం పెట్టకుండా. పక్కనే, గడువు పెంచడం తప్పంటూ సంతకం పెట్టిన ఇంకో ఉత్తరం. మన ఎమ్మార్వో ఆఫీసులో సంతకం లేని అర్జీ ఇస్తే అటెండరు కూడా ముట్టుకోడు. యూరప్ వాళ్లు ముట్టుకున్నారు, గడువూ ఇచ్చారు.

ఇంతకీ పీటముడి ఎక్కడ పడింది? ఐర్లాండ్ సరిహద్దు దగ్గర. గీతకు ఇటు బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్, అటు యూనియన్‌లోనే ఉండే ఐర్లాండ్ దేశం. బ్రిటన్ బయటికొస్తే ఆ గీత మీద మళ్లీ తనిఖీలు వస్తాయన్నది భయం. దాదాపు 500 కిలోమీటర్ల ఆ గీత చుట్టూ మూడు దశాబ్దాల హింసలో 3,500 మందికి పైగా చచ్చిపోయారు. 1998 నాటి శాంతి ఒప్పందంతో తుపాకులు ఆగాయి, సైనికుల చెక్‌పోస్టులు లేచిపోయాయి. పొలం ఒక దేశంలో, ఇల్లు ఇంకో దేశంలో ఉన్నవాళ్లు నిమ్మళంగా తిరుగుతున్నారు. 2016 ఓటింగులో ఉత్తర ఐర్లాండ్‌లో 55.8 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లోనే ఉందామన్నారు. ఎవరు విన్నారు? ఉత్తర ఐర్లాండ్ వ్యవహారాల మంత్రి కేరెన్ బ్రాడ్లీ అయితే, ఐర్లాండ్‌తో కలవాలనే అక్కడి జాతీయవాదులు, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టు పార్టీలకు ఓటేయరన్న సంగతి తనకు ఆ పదవిలోకి వచ్చేదాకా తెలియదని నోరారా చెప్పారు. సిగ్గులేదా అని అడగడానికి మాటలు రావడం లేదు. ఎవరి చావుబతుకులు ఆ గీత మీద ఉన్నాయో, వాళ్ల గురించి ఓనమాలు తెలియని మనిషికి ఆ శాఖ! ఎవడి ఊళ్లో గీత, ఎవడి నెత్తిన బాంబు, వీళ్లకేం పట్టింది? 1947లో, అంతకుముందు ఎన్నడూ మన దేశం మొహం చూడని లాయరు రాడ్‌క్లిఫ్‌ను పంపి ఐదు వారాల్లో పంజాబ్‌నూ బెంగాల్‌నూ కోయించిన బుద్ధే కదా ఇది!

జాన్సన్ 2018 నవంబరులో డీయూపీ సభకు వెళ్లి, మిగతా బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లాండ్‌కూ నడుమ సరుకుల తనిఖీలకు ఏ కన్జర్వేటివ్ ప్రభుత్వమూ ఒప్పుకోదని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ఏడాది తిరక్కుండానే ప్రధాని హోదాలో ఆయనే ఒప్పుకున్నారు. 2020 జనవరిలో ఆ ఒప్పందం మీద సంతకం మాత్రం మర్చిపోకుండా పెట్టారు.