‘గొర్రెల సూది’ మెసేజ్‌కు నా జవాబు

మా హన్మకొండ చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్ కొన్నాళ్లుగా తిరుగుతోంది. మొదట బావ పెట్టాడు, తర్వాత చిన్నమ్మ, మొన్న నర్సంపేట నుంచి పెద్దనాన్న కూడా. ‘గర్భిణులూ జాగ్రత్త! నెలలు నిండని కాన్పుల మీద జీవితమంతా పరిశోధించిన పెద్ద డాక్టరు బయటపెట్టిన నిజాలు’ అని మొదలవుతుంది. ఆ డాక్టరు పేరు మాత్రం ఎక్కడా లేదు. సరే, పేరు నేను చెప్తాను. ముందు చిల్లర సంగతులు తేల్చేద్దాం.

గ్రహణం నాడు కత్తి పట్టుకుంటే మొర్రి వస్తుందట. దీనికి జవాబు రాసే ఓపిక లేదు. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందట. నల్లబడేది విరేచనం. మాత్రలు మింగండి.

‘ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు.’ ఈ మాట మన ముసలమ్మలే కాదు, రెండు వేల ఏళ్లకు ముందే గ్రీకు వైద్యులూ అన్నారు. పాతదైనంత మాత్రాన నిజమైపోదు. ఊపిరితిత్తులు ఏడో నెలలో తయారై, ఎనిమిదిలో చెడిపోయి, తొమ్మిదిలో మళ్లీ బాగవుతాయా? కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే.

ఇక అసలు విషం. ‘గొర్రెల మీద ప్రయోగించిన స్టెరాయిడ్ సూదిని మన ఆడపిల్లలకు పొడుస్తున్నారు. పుట్టిన పిల్లలు మందబుద్ధులవుతారు. ఎనిమిదో నెలలో నొప్పులొస్తే ఆసుపత్రికి పోవద్దు, పడుకోబెట్టి వాము కషాయం పట్టండి, నొప్పులు ఆగిపోతాయి.’

గొర్రెల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. ఆ పెద్ద డాక్టరు గ్రాహం లిగిన్స్ అయి ఉండాలి, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ప్రసూతి వైద్యుడు. కాన్పు ఎప్పుడు మొదలవాలో తేల్చేది తల్లా, కడుపులోని బిడ్డా అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. 1960లలో గొర్రెల మీద పని చేసి, వాటిలో తేల్చేది బిడ్డేనని చూపించాడు. కడుపులోని పిల్లకు కార్టిసాల్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తే తల్లి ముందే ఈనేది. అలా పుట్టిన ఒక పిల్ల, ఆ వయసుకు ఊపిరి తీయలేక చనిపోవాల్సింది, ఊపిరి తీస్తూ కనిపించింది. తర్వాత కోసి చూస్తే ఊపిరితిత్తుల్లోకి గాలి చేరి ఉంది. ఆయన వెతుకుతున్నది ఒకటి, దొరికింది ఇంకొకటి.

1969లో రాస్ హౌవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉన్న తల్లులకు స్టెరాయిడ్ సూది వేసి పరీక్ష మొదలుపెట్టాడు. 1972లో 282 మంది తల్లుల ఫలితాలు వచ్చాయి. సూది పడనివాళ్ల పిల్లల్లో 25.8 శాతానికి ఊపిరాడని జబ్బు వస్తే, పడినవాళ్ల పిల్లల్లో 9 శాతానికే వచ్చింది. ఆ జబ్బు ఎలా ఉంటుందో మా ఇంటి బిడ్డ విషయంలో అద్దం వెనక నుంచి చూశాను. ఒక్కో ఊపిరికీ రొమ్ము ఎముక లోపలికి గుంజుకుపోతుంది, ముక్కుపుటాలు ఎగిరిపడతాయి, సన్నగా మూలుగు వినిపిస్తుంది. కషాయం పట్టమన్న మహానుభావుడు ఒక్క పూట అక్కడ నిలబడితే బాగుండు.

మందుల కంపెనీల కుట్ర అంటున్నారు కదా, 1972లో తేలినదాన్ని అందరూ వాడాలని అమెరికాలో నిపుణులు కూర్చుని గట్టిగా చెప్పింది 1994లో. ఇంత నత్తనడక కుట్ర నేనెక్కడా చూడలేదు. ఇక మందబుద్ధి సంగతి. ఆనాటి పిల్లలను ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ పిలిచి పరీక్షించారు. 2005లో అచ్చయిన ఆ ఫలితాల్లో తెలివిలోగానీ జ్ఞాపకశక్తిలోగానీ తేడా కనిపించలేదు.

ఒకచోట మాత్రం మెసేజ్ రాసినాయనకు దండం పెట్టాలి. ‘వారం వారం వేసే హార్మోన్ సూది దండగ’ అని నాలుగో పాయింటు. అది నిజమే. నెలలు నిండకముందే కాన్పు రాకుండా ఆపుతుందని వేసే ఆ సూది పెద్ద పరీక్షలో నిలవలేదు. 2023లో అమెరికా దాని అనుమతి రద్దు చేసింది. (గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉన్నవాళ్లకు ఇచ్చే ప్రొజెస్టిరాన్ వేరే సంగతి, రెంటినీ కలపొద్దు.) ఇంకోటి నేనే కలుపుతాను. స్టెరాయిడ్ సూదిని కూడా ఎవరికి పడితే వాళ్లకు పొడవకూడదు. మన దేశంతో కలిపి ఆరు దేశాల ఊళ్లలో విరివిగా వేయించి చూస్తే పసికందుల మరణాలు తగ్గకపోగా కాస్త పెరిగాయని 2015లో తేలింది. నెలలు సరిగ్గా లెక్కగట్టి, పసిపిల్లలను చూసుకోగల ఆసుపత్రుల్లోనే వేస్తూ మన దేశంలోనూ ఇంకో నాలుగు దేశాల్లోనూ చేసిన పరీక్షలో మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. అది 2020 మాట. అంటే సూది కావాలి, ఆసుపత్రీ కావాలి. మెసేజ్ వద్దంటున్నది ఆ రెండింటినే.

సూది పడగానే పని అయిపోదు. బిడ్డ ఊపిరితిత్తులు ఊపిరికి తయారవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మన దగ్గర డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు వేస్తారు. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే మొదటి డోసు ఏఎన్ఎమ్ వేసి పెద్దాసుపత్రికి పంపొచ్చని 2014లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఇంట్లో వాము నలుగుతున్నంతసేపూ కరిగిపోయేది ఆ ఒక్క రోజే.

బావా, మొదట పెట్టింది నువ్వే కాబట్టి మొదట తీసేయాల్సింది కూడా నువ్వే. మన చుట్టాల్లో ఒక పిల్లకు ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోందని నీకు తెలుసు. నడుము నొప్పి విడిచి విడిచి వచ్చినా, ఉమ్మనీరు పోయినా వెంటనే 108కి ఫోన్ చేయమని వాళ్ల అత్తమ్మకు ఈ పూటే చెప్పు.